పురుగుమందు డబ్బా కంటే ముందు: మన చెట్లు, వాళ్ల కాగితాలు

 పోస్టు పొడుగ్గా ఉంది, తీరిక చూసుకుని చదవండి.

మన గ్రూపులో పోరాటాల చరిత్ర చాలా రాసుకున్నాం. కొమురం భీం మీద, మన్యం తిరుగుబాటు మీద, 1/70 మీద మంచి పోస్టులు వచ్చాయి. కానీ మనవాళ్లు పంటను ఎట్లా కాపాడుకున్నారన్నదానికీ ఒక చరిత్ర ఉంది. దాన్ని ఎవరూ పెద్దగా రాయరు. నేను హిస్టరీ చదువుతున్న డిగ్రీ విద్యార్థిని. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. మా అవ్వకు సంతకం రాదు. కానీ విత్తనం ఏ ఆకులో దాస్తే పురుగు పట్టదో ఆమెకు తెలుసు. ఈ రెండు చదువుల్లో ఒకదానికే సర్టిఫికెట్ ఎందుకు ఉంది అన్నదే ఈ వ్యాసం.

డీడీటీతో మొదలు కాలేదు

పురుగుమందుల చరిత్ర అనగానే పుస్తకాల్లో మొదట కనిపించేది డీడీటీ. 1939లో స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త పాల్ ముల్లర్ అది పురుగుల్ని చంపుతుందని కనుక్కున్నాడు. 1948లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆ తర్వాత రకరకాల రసాయనాలు, 1962లో వాటి నష్టాల మీద రేచల్ కార్సన్ రాసిన పుస్తకం, ఆపైన నిషేధాలు. పాఠం ఇట్లా నడుస్తుంది. చదివితే 1939కి ముందు రైతులు పురుగును చూస్తూ చేతులు కట్టుకుని కూర్చున్నారేమో అనిపిస్తుంది.

అట్లా ఏం లేదు. మన గూడేల్లో గాదెలో, గుమ్మిలో గింజలు పోసేటప్పుడు వేపాకు, వావిలాకు పొరలు పొరలుగా వేస్తారు. పప్పులకు బూడిద పట్టిస్తారు. వస కొమ్ము వాసనకు పురుగు దూరంగా ఉంటుందని తెలుసు. పోడు కాల్చినప్పుడు నేలలో దాగిన పురుగు, గుడ్డు కూడా కొంత పోతాయి. కలిపి పంట వేస్తారు కాబట్టి ఒక పంటను పట్టిన పురుగు చేనంతా పాకడం తగ్గుతుంది. ఇవి వేటికీ పేరు పెట్టలేదు, అంతే.

రాసిన ఆధారాలూ ఉన్నాయి. సురపాలుడు సంస్కృతంలో రాసిన 'వృక్షాయుర్వేదం' దాదాపు వెయ్యేళ్ల నాటిదని పండితులు అంటారు. చెట్లకు పురుగు పడితే ఆవాలు, ఇంగువ, వస, వాయువిడంగం, మిరియాలు, నల్లజీడి లాంటివి కలిపి పొగ వేయమని అందులో ఉంది. నల్లజీడి మనకు తెలియని గింజ కాదు, చేతికి తగిలితే బొబ్బలెక్కుతుంది. ఆ పుస్తకం రాతప్రతి ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్ బోడ్లియన్ లైబ్రరీలో ఉండేది. అక్కడి నుంచి నకలు తెప్పించుకుని 1996లో ఇంగ్లీషు అనువాదంతో అచ్చు వేసింది సికింద్రాబాదులోని ఏషియన్ అగ్రి హిస్టరీ ఫౌండేషన్.

ఇక్కడొక సంగతి గమనించండి. ఆ శ్లోకాలు తాటాకు మీదకో కాగితం మీదకో ఎక్కాయి కాబట్టి సముద్రాలు దాటిపోయినా మళ్లీ దొరికాయి. మన అవ్వల మాట ఎక్కడా ఎక్కలేదు. అవ్వ పోతే ఆ మాటా పోతుంది. దాన్ని వెతకడానికి ఏ లైబ్రరీకి పోవాలి?

చేపల మందు పురుగుల మందు అయింది

ఏజెన్సీలో పుట్టినవాళ్లకు చేపల మందు సంగతి చెప్పక్కర్లేదు. ఎండాకాలం వాగు మడుగుల్లో మంగకాయ లాంటివి దంచి నీళ్లలో కలిపితే చేపలు మత్తెక్కి పైకి తేలతాయి. ఆ చేపను వండుకుని తింటారు. ఇట్లాంటి పద్ధతి మన దగ్గరే కాదు, ప్రపంచంలో చాలాచోట్ల ఆదివాసులకు ఉంది. మలయా, ఇండోనేషియా వైపు 'టూబా' అనే తీగ వేరు వాడేవాళ్లు. దక్షిణ అమెరికాలో అమెజాన్ అడవుల ఆదివాసులు అలాంటి గుణమే ఉన్న వేరే మొక్కల వేళ్లు వాడేవాళ్లు.

మలయాలో కూరగాయల తోటలు వేసిన చైనా తోటమాలులు అదే టూబా వేరు దంచి నీళ్లలో కలిపి ఆకుల మీద చల్లడం మొదలుపెట్టారు. పురుగులు చచ్చేవి. ఈ సంగతి 1848లోనే రాతలోకి ఎక్కింది. తర్వాత 1895లో ఫ్రెంచి గయానాలో తిరిగిన ఒక ఫ్రెంచి వృక్ష శాస్త్రవేత్త అక్కడి మొక్క నుంచి, 1902లో ఒక జపాన్ రసాయన శాస్త్రవేత్త టూబా జాతి మొక్క నుంచి ఆ విషాన్ని విడదీశారు. జపాన్ ఆయన పెట్టిన 'రోటెనోన్' అనే పేరే నిలిచింది. డీడీటీ రాకముందు అమెరికాలో తోటల మీద, పశువుల ఒంటి మీద పురుగులకు ఈ పొడి బాగా వాడారు. టన్నులకొద్దీ వేళ్లు ఓడల్లో పోయాయి. వేళ్లు చూపించిన ఆదివాసుల పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. విడదీసిన వాళ్ల పేర్లు ఉన్నాయి.

మన చేల గట్ల మీద పెరిగే వెంపలి ఉంది కదా, పచ్చిరొట్ట ఎరువుగా దున్నేస్తాం. దాంట్లోనూ రోటెనోన్ కుటుంబానికి చెందిన పదార్థాలు ఉన్నాయి. ఆఫ్రికాలో వెంపలికి దాయాది లాంటి ఒక మొక్క ఆకును చేపలకూ వాడతారు, నిల్వ గింజల్లో పురుగుకూ వాడతారు. మూడు ఖండాల్లో, ఒకరి ముఖం ఒకరు చూడని మనుషులు, చేపను మత్తెక్కించే మొక్కను పట్టుకున్నారు. దీన్ని అదృష్టం అనలేం. తరాల తరబడి చూసి, వాడి, తప్పొప్పులు తేల్చుకుంటేనే ఇంతదూరం వస్తారు. సైన్సు అన్నా అదే కదా.

పొగాకు, పువ్వు

ఇదే వరసలో ఇంకో రెండు మొక్కలు. ఒకటి పొగాకు. అది అమెరికా ఖండపు ఆదివాసుల మొక్క. యూరప్‌కు పోయాక అక్కడి తోటల్లో పొగాకు కషాయం పురుగులకు చల్లారు. 1828లో దాని నుంచి నికోటిన్‌ను విడదీశారు. ఇప్పుడు పత్తి విత్తనాలకు పట్టించి అమ్మే ఇమిడాక్లోప్రిడ్ లాంటి మందులు 1990లలో వచ్చాయి. అవి కూడా పురుగు నరాల మీద నికోటిన్ దెబ్బ కొట్టే చోటే కొడతాయి.

రెండోది చామంతిలాంటి ఒక తెల్ల పువ్వు, పైరెత్రం. ఇప్పటి క్రొయేషియా తీరం దాని పుట్టిల్లు. ఎండబెట్టి పొడి చేస్తే పురుగులు పడిపోతాయి. జపాన్‌లో, తర్వాత కెన్యాలో పెద్ద ఎత్తున పండించారు. మన హాస్టల్ గదుల్లో రాత్రిపూట వెలిగించే దోమల కాయిల్‌ను మొదట్లో ఈ పువ్వుల పొడితోనే చేసేవాళ్లు. ఈ పువ్వులో ఒక గుణం ఉంది, ఎండకు తొందరగా విరిగిపోతుంది. కంపెనీలకు అది లోపంగా కనిపించింది. ఎండకు చెక్కు చెదరని నకలు కావాలని పరిశోధన చేశారు. 1970లలో ఇంగ్లండులో తయారైంది. సింథటిక్ పైరెత్రాయిడ్స్ అంటే అవే.

1980లలో ఆ మందులు మన కోస్తా పత్తి చేలకు వచ్చాయి. మొదట్లో కొట్టగానే పురుగు రాలేది. దాంతో మళ్లీ మళ్లీ కొట్టారు. 1987–88కి వచ్చేసరికి గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో శనగపచ్చ పురుగు ఆ మందుకు అలవాటు పడిపోయింది. ఎంత కొట్టినా చావలేదు, పంట పోయింది. పువ్వు పొడి ఎండకు విరిగిపోవడం ఒక రకంగా రక్షణే అని అప్పుడు అర్థమైంది. మందు చేను మీద రోజుల తరబడి ఉంటే, దాన్ని తట్టుకున్న నాలుగు పురుగులే బతికి పిల్లలు పెడతాయి. తర్వాతి తరం మొత్తం వాటిదే.

పదేళ్ల తర్వాత 1997–98లో వరంగల్ జిల్లా పత్తి రైతుల ఆత్మహత్యలు దేశమంతా తెలిశాయి. ఆ అప్పుల వెనుక వాన, ధర, వడ్డీ అన్నీ ఉన్నాయి. పురుగుమందుల ఖాతా కూడా ఉంది.

మిడత ముట్టని చెట్టు

ఇక వేప దగ్గరికి వద్దాం. 1959లో సూడాన్ దేశంలో మిడతల దండు దిగింది. అక్కడ పనిచేస్తున్న ష్ముటరర్ అనే జర్మన్ శాస్త్రవేత్త చూస్తుండగానే చెట్టూ చేమా బోడి అయ్యాయి. వేప చెట్ల మీద మాత్రం మిడతలు వాలాయి కానీ ఆకు కొరకలేదు. ఆయన మిగతా జీవితం చాలావరకు వేప పరిశోధనకే పోయింది. మన ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థలో కూడా ప్రధాన్ అనే శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్లు వేప పలుకుల నీళ్లు చల్లి మిడతల మీద పరీక్షించారు. చాలా పలుచటి ద్రావణం చల్లినా మిడతలు ఆ పంట ముట్టలేదని 1962లో రాశారు.

1968లో ఇంగ్లండులో బటర్‌వర్త్, మోర్గాన్ అనే ఇద్దరు వేప గింజ నుంచి అజాడిరాక్టిన్ అనే పదార్థాన్ని విడదీశారు. దాని నిర్మాణం తేలడానికి 1985 దాకా పట్టింది. ప్రయోగశాలలో దాన్ని మొదటి నుంచి తయారు చేయడానికి కేంబ్రిడ్జిలో స్టీవెన్ లే బృందం 22 ఏళ్లు కష్టపడింది, 2007లో సాధించింది. మన పశువుల కొట్టం పక్కనున్న చెట్టు ఏటా ఎండాకాలం చివర్లో చేసిపెట్టే పని అది!

వేప ఎట్లా పనిచేస్తుందో కూడా తెలుసుకోవాలి, ఎందుకంటే ఇక్కడే చాలామంది దాన్ని వదిలేస్తారు. వేప కషాయం కొట్టిన మరుసటి రోజు చేనుకు పోతే పురుగు బతికే ఉంటుంది. "ఏం లాభం" అని డబ్బా కొనుక్కొస్తాం. కానీ ఆ పురుగు సరిగ్గా తినడం మానేసి ఉంటుంది. లద్దె పురుగు పెరగాలంటే పాములాగే కుబుసం విడవాలి. దానికి ఒంట్లో ఒక హార్మోన్ ఊరాలి. అజాడిరాక్టిన్ దాన్ని అడ్డుకుంటుంది. కుబుసం విడవలేక పురుగు చస్తుంది, లేకపోతే వంకరగా మారుతుంది. ఆ వాసనకు తల్లి పురుగు ఆ ఆకుల మీద గుడ్లు పెట్టడం తగ్గిస్తుంది. ఒక్క దెబ్బ కాకుండా మూడు నాలుగు వైపుల నుంచి పనిచేస్తుంది కాబట్టి పురుగుకు దీన్ని తట్టుకునే శక్తి తొందరగా రాదు. ఎండకు విరిగిపోతుంది కాబట్టి సాయంత్రం పూట కొట్టాలి.

మ్యూనిక్‌లో వేప కేసు

కథ ఇక్కడి నుంచి వేడెక్కుతుంది. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రానికి చెందిన ఒక కలప దిగుమతి వ్యాపారి 1971 నుంచి వేప గింజలు తెప్పించుకుని ప్రయోగాలు చేశాడు. 1985లో వేప పురుగుమందుకు పేటెంటు, ప్రభుత్వ అనుమతి తెచ్చుకున్నాడు. 1988లో దాన్ని డబ్ల్యూ.ఆర్. గ్రేస్ అనే పెద్ద కంపెనీకి అమ్మాడు. ఆ కంపెనీ, అమెరికా వ్యవసాయ శాఖ కలిసి యూరప్‌లో ఇంకో పేటెంటుకు దరఖాస్తు పెట్టాయి. వేప నూనెతో మొక్కల బూజు తెగుళ్లను అదుపు చేసే పద్ధతి తమదని దాని సారాంశం. 1994లో మ్యూనిక్ నగరంలోని యూరప్ పేటెంటు ఆఫీసు దాన్ని మంజూరు చేసింది.

1995లో ముగ్గురు ఆడవాళ్లు దాని మీద అభ్యంతరం వేశారు. మన దేశం నుంచి వందనా శివ, బెల్జియంకు చెందిన యూరప్ పార్లమెంటు సభ్యురాలు మగ్దా ఆల్వూట్, సేంద్రియ వ్యవసాయ ఉద్యమాల అంతర్జాతీయ సమాఖ్య తరఫున లిండా బుల్లార్డ్. ఐదేళ్లు నడిచింది. 2000 మే 10న పేటెంటు రద్దయింది. కంపెనీ వైపు అప్పీలు వేశారు. 2005 మార్చి 8న అదీ కొట్టేశారు.

గెలిచాం కదా అని సంబరపడి ఇక్కడ ఆపేస్తే అసలు పాఠం పోతుంది. 2000లో కీలకమైన సాక్ష్యం ఏది? "మా దేశంలో వేల ఏళ్లుగా వాడుతున్నాం" అన్న మాట ఒక్కటే కాదు. అభయ్ ఫడ్కే అనే భారతీయ కంపెనీ డైరెక్టరు పోయి, 1985, 1986లో మహారాష్ట్ర చేలల్లో వేప సారంతో తెగుళ్ల మీద పరీక్షలు చేశామని చెప్పాడు. ఎప్పుడు, ఎక్కడ, ఏ పద్ధతిలో అనే వివరాలతో చెప్పాడు. పేటెంటు ఆఫీసుకు అట్లాంటి సాక్ష్యం కావాలి. తేదీ, చోటు, కొలత లేని జ్ఞానాన్ని అది లెక్కలోకి తీసుకోవడం కష్టం.

అమెరికా చట్టం అయితే ఇంకా ఘోరం. 2013లో కొత్త నిబంధన అమల్లోకి వచ్చేదాకా, వేరే దేశంలో జనం ఒక పద్ధతిని వాడుతున్నా అది అచ్చులో లేకపోతే పేటెంటును ఆపే ఆధారంగా చెల్లేది కాదు. అంటే మన గూడెం మొత్తం వంద ఏళ్లుగా చేస్తున్న పని కూడా అక్కడి ఆఫీసు దృష్టిలో లేనట్టే. పసుపు పేటెంటు 1997లో రద్దయిందంటే, పాత గ్రంథాలు, పత్రికల్లో అచ్చయిన వ్యాసాలు చూపించగలిగారు కాబట్టే.

ఆ దెబ్బలు తిన్నాక మన ప్రభుత్వం 2001లో సంప్రదాయ విజ్ఞాన డిజిటల్ లైబ్రరీ మొదలుపెట్టింది. మంచి పనే. కానీ అది ప్రధానంగా ఆయుర్వేదం, యునానీ, సిద్ధ, యోగా గ్రంథాల నుంచి తీసింది. గ్రంథం ఉన్నవాళ్లకు రక్షణ దొరికింది. మన కోయ, గోండి, కొలామీ, సవర మాటల్లో గ్రంథాలు ఎన్ని ఉన్నాయి? లంబాడీ తండాలో ముసలవ్వ చెప్పేది ఏ తాళపత్రంలో ఉంది?

పునుకుల చేసి చూపించింది

ఇదంతా విని "అన్యాయం జరిగింది" అని మాత్రమే అనుకోవద్దు. ఆదివాసులు ఎక్కువగా ఉన్న ఒక ఊరు ఈ జ్ఞానంతో ఏం చేసిందో చూడండి.

పాల్వంచ మండలంలో పునుకుల. అప్పట్లో ఖమ్మం జిల్లా, ఇప్పుడు భద్రాద్రి కొత్తగూడెం. సుమారు 200 కుటుంబాలు, కోయ, లంబాడీ వాళ్లే ఎక్కువ. గుంటూరు వైపు నుంచి వచ్చిన రైతులు అక్కడ పత్తి మొదలుపెట్టారు. వాళ్లను చూసి ఊరివాళ్లూ వేశారు. పత్తితో పాటే మందుల డబ్బాలు వచ్చాయి. మందులు అమ్మేవాడే అప్పు ఇచ్చేవాడు, పంట కొనేవాడూ అతనే. ధర అతను చెప్పిందే. కొట్టే మందు పెరిగింది, అప్పు పెరిగింది, మందు కొట్టి కళ్లు తిరిగి ఆస్పత్రి పాలైనవాళ్లు పెరిగారు.

1999 నుంచి సెక్యూర్ అనే స్వచ్ఛంద సంస్థ, సెంటర్ ఫర్ వరల్డ్ సాలిడారిటీ సాయంతో, ఆ ఊళ్లో మందులు లేని సేద్యం గురించి మాట్లాడటం మొదలుపెట్టింది. మొదట్లో నమ్మినవాళ్లు తక్కువ. "డబ్బాతో చావనిది ఆకుతో చస్తుందా" అన్నారు. కొద్దిమంది రైతులు ధైర్యం చేశారు. వేప గింజల కషాయం, పచ్చిమిర్చి–వెల్లుల్లి కషాయం, ఆవు పేడ–మూత్రం ద్రావణం కొట్టారు. మగ రెక్కల పురుగును పట్టడానికి లింగాకర్షక బుట్టలు పెట్టారు. పసుపు పూసి జిగురు రాసిన పలకలు కట్టారు. చేను చుట్టూ ఆముదం, బంతి వేశారు. పిట్టలు వాలడానికి కొమ్మలు పాతారు. దిగుబడి పెద్దగా తగ్గలేదు, ఖర్చు బాగా తగ్గింది. పక్క చేనువాళ్లు చూశారు.

అసలు ఊపు తెచ్చింది ఆడవాళ్లు. మందు డబ్బా కలిపేది, మందు కొట్టిన చేలో పత్తి తీసేది, ఆస్పత్రికి మోసేది, అప్పులవాడు ఇంటికొస్తే సమాధానం చెప్పేది అన్నీ వాళ్లే కదా. మహిళా సంఘాలు గట్టిగా నిలబడ్డాయి. వేప గింజలు ఏరడం, పొడి కొట్టడం కూలి పని కూడా అయింది. గింజలు ఆడించే మిషన్ ఊళ్లోకి వచ్చింది. 2003–04 నాటికి పునుకుల తనను పురుగుమందులు లేని ఊరుగా ప్రకటించుకుంది. మందులు అమ్మేవాళ్లు ఊళ్లోకి రావద్దని పంచాయతీ తీర్మానం చేసింది. చాలా కుటుంబాలు పాత అప్పులు తీర్చుకున్నాయి.

పునుకులను చూశాక ఉమ్మడి రాష్ట్రంలో గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ, అంటే సెర్ప్, 2004–05 నుంచి మహిళా సంఘాల ద్వారా ఈ పద్ధతిని మిగతా జిల్లాలకు తీసుకుపోయింది. కొన్నేళ్లలోనే లక్షల ఎకరాలకు చేరింది. ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుంచి నడుస్తున్న ప్రకృతి వ్యవసాయ కార్యక్రమానికి కూడా వెనుక ఈ అనుభవమే ఉంది. రాష్ట్రం మొత్తానికి దారి చూపించిన ఊళ్లలో ఒకటి ఏజెన్సీ ఊరు. ఈ మాట మన పిల్లలకు ఏ పాఠంలో చెప్పారు?

అడుగుతారని కొలతలు కూడా రాస్తున్నా. ఎకరానికి 5 కిలోల వేప పలుకులు పొడి కొట్టి, పల్చటి గుడ్డలో మూట కట్టి, 10 లీటర్ల నీళ్లలో రాత్రంతా నానబెట్టాలి. పొద్దున మూటను పిండి, వడగట్టి, 100 గ్రాముల సబ్బు పొడి కలిపి, మొత్తం 100 లీటర్లు చేయాలి. సాయంత్రం కొట్టాలి. గింజలు నీడన ఆరబెట్టినవి అయి ఉండాలి. బూజు పట్టినవి, ఏడాది దాటినవి పనికిరావు. పురుగు చిన్నగా ఉన్నప్పుడే కొట్టాలి. బొటనవేలంత అయ్యాక కొడితే పెద్దగా లాభం ఉండదు.

సహజం అంటే అంతా మంచిదేనా?

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. "చెట్టు నుంచి వచ్చింది, ఏం కాదు" అని కొందరు అంటారు. అది నిజం కాదు. నికోటిన్ మనిషిని చంపే విషం. చిక్కటి పొగాకు కషాయం చర్మం ద్వారా కూడా ఒంట్లోకి పోతుంది. ముషిణి గింజ, ఉమ్మెత్త సంగతి మన పెద్దలకు తెలుసు, అందుకే పిల్లల్ని దగ్గరికి రానివ్వరు. రోటెనోన్‌ను ఎలుకలకు ఎక్కిస్తే పార్కిన్సన్ జబ్బు లాంటి లక్షణాలు వచ్చాయని 2000లో ఒక పరిశోధన చెప్పింది. తర్వాత చాలా దేశాలు పంటల మీద దాన్ని ఆపేశాయి. వేప నూనె చిన్నపిల్లల కడుపులోకి పోతే ప్రమాదం.

మన పెద్దలు దీన్ని ఎప్పుడూ గుడ్డిగా వాడలేదు. చేపల మందు ఎప్పుడు వేయాలి, ఏ మడుగులో వేయకూడదు అనేదానికి కట్టుబాట్లు ఉండేవి. ఎంత వాడాలో తెలియడమే జ్ఞానం. ఆకు పేరు మాత్రమే గుర్తుపెట్టుకుని కొలత మర్చిపోతే సగం పోయినట్టే, ఒక్కోసారి ప్రాణం మీదికి వస్తుంది.

ఇప్పుడు మన వంతు

రోటెనోన్ చూపించిన ఆదివాసుల పేర్లు మిగల్లేదు, వేప కేసు మాత్రం గెలిచాం. ఆ తేడా వెనుక రాత ఉంది. రాయడం, చదవడం వచ్చిన మొదటి తరం మనది. ఆ పని ఇంకెవరో వచ్చి చేస్తారని చూస్తే, వాళ్లు వాళ్ల పేరుతోనే రాసుకుంటారు.

దీనికి చట్టం కూడా ఉంది. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థలో, అంటే మన పంచాయతీలో కూడా, జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి. ఊరి మొక్కలు, వాటి వాడకం, తెలిసినవాళ్లు చెప్పిన వివరాలతో ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు రాయాలి. 2020 జనవరి నాటికి ఇవి పూర్తి చేయాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ గడువు కూడా పెట్టింది. సెలవులకు ఇంటికి పోయినప్పుడు పంచాయతీ ఆఫీసుకు పోయి ఆ రిజిస్టరు చూపించమని అడగండి. అందులో మీ గూడెం పెద్దల మాట ఉందో లేదో చూడండి. లేకపోతే రాయించండి.

మనకు మనం కూడా ఒక నోట్సు రాసుకుందాం. ఒక్కో మొక్కకు ఒక్కో పేజీ చాలు. మన భాషలో దాని పేరు, తెలుగు పేరు. ఏ భాగం వాడతారు, ఏ నెలలో తెస్తారు. ఏ పురుగుకు, ఏ పంటకు. ఎంత కొలత, ఎట్లా తయారీ. ఏ జాగ్రత్త. ఎవరు చెప్పారు, ఏ ఊళ్లో, ఏ తేదీన. చివరి వరుస మర్చిపోవద్దు, మ్యూనిక్‌లో పనికొచ్చింది అలాంటి వివరమే.

ఒక్క షరతు. పెద్దల్ని అడిగి, వాళ్లు రాయమంటేనే రాయండి. కొన్ని బయటికి చెప్పకూడనివి అని వాళ్లు అనుకుంటే అవి గ్రామసభ దగ్గరే ఉండాలి, ఫోటో తీసి ఎక్కడపడితే అక్కడ పెట్టొద్దు. రాసుకోవడం మన హక్కు కోసం. అది ఇంకొకరి పేటెంటుకు ముడిసరుకు కాకూడదు.

మా అవ్వ దగ్గర నేను ఇప్పటిదాకా పదకొండు మొక్కలు రాసుకున్నాను. కొన్నిటికి కోయ పేరు తెలుసు, తెలుగు పేరు ఇంకా దొరకలేదు. మీ ఊళ్లో వావిలాకు, వస కాకుండా గింజల నిల్వకు ఇంకేం వాడతారో మీ పెద్దల్ని అడిగి ఇక్కడ రాయండి. ఊరి పేరు, తేదీ వేసి రాయండి. జోహార్.